పిట్టల దీవి మీద కేక

మాట పడిపోయిన మనిషిని వెంటబెట్టుకుని నిత్యానందం పిట్టల దీవికి బయల్దేరాడని తెలిసి క్యాంపంతా నవ్వింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదేనన్నారు. నవ్వితే నవ్వారు. నిత్యానందం ఒకసారి అనుకున్నాడంటే ఆరు నూరైనా వెనక్కి తగ్గే రకం కాదు. ముమ్మిడివరం పక్క ఊరివాడు, గల్ఫ్ దేశంలో, మెసయీద్‌లో ఇనప పనులు చేసే ఒక కంపెనీకి టైమ్‌కీపరు. శుక్రవారం వస్తే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దోహాలో చర్చికి వెళ్ళడం తప్ప వేరే షికారు ఎరగడు. అలాంటి వాడు ఆ శుక్రవారం చర్చి మానేశాడు. దేవుడైతే అర్థం చేసుకుంటాడు గాని, ఊళ్ళో ఉన్న భార్య కరుణమ్మ అర్థం చేసుకోదని తెలిసి ఆమెకు మాత్రం చెప్పలేదు.

ఆ మాట పడిపోయినవాడి పేరు జలంధర్. కోరుట్ల దగ్గర పల్లెటూరు. వరల్డ్ కప్ కోసం కడుతున్న ఒక స్టేడియం కప్పుకి ఇనప దూలాలు ఆ కంపెనీ యార్డులోనే తయారవుతున్నాయి. చలికాలం పోతూ ఉండగా ఒకనాడు క్రేన్‌కి వేలాడుతున్న దూలం గాలికి ఊగి వాడి స్నేహితుడు తిరుమలని కొట్టింది. తిరుమలా జలంధరూ ఒక ఊరివాళ్ళు, ఒక బడి, ఒక గది, ఒక గిన్నెలో కూర. తిరుమలకి తుంటి విరిగింది. ఆసుపత్రిలో ఉంచి, బాగుచేసి, ఇంటికి పంపేశారు. కొంచెం దూరంలో ఎదురుగా నిలబడి ఉన్న జలంధర్‌కి గోరంత దెబ్బ తగల్లేదు. కానీ ఆ క్షణం నుంచి వాడు మాట్లాడలేదు.

గొంతు డాక్టరు నోట్లో లైటు వేసి చూసి, గొంతులో ఏ లోపమూ లేదన్నాడు. మరి ఎక్కడుందో ఆయన చెప్పలేదు. డ్యూటీకి వస్తాడు, చెప్పిన పని చేస్తాడు, పెడితే తింటాడు. తిరుమల ఊరి నుంచి ఫోన్ చేస్తే ఎత్తడు. మోగుతున్న ఫోన్‌ని దిండు కింద పెట్టి, దాని మీద తల పెట్టుకుని పడుకుంటాడు.

చివరికి మేనేజరు నిత్యానందాన్ని పిలిచాడు. "పైన దూలాలు వేలాడే చోట నోరు లేనివాణ్ణి పెట్టుకుంటే వాడికీ ప్రమాదం, పక్కవాడికీ ప్రమాదం. శనివారం పొద్దున వచ్చి తన పేరు తన నోటితో చెప్పమను. చెప్తే ఉంటాడు. లేకపోతే ఆ రాత్రికే విమానం ఎక్కిస్తాం" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నిత్యానందానికి ఏమీ దొరకలేదు. అదే ఆయనకు ఎక్కువ బాధ.

"ఇంటికి పోతే మంచిదేగా, పెళ్ళాం బిడ్డల దగ్గర తేరుకుంటాడు" అన్నాడు ఆయన అంజితో. అంజి జలంధర్‌కి వరసకు బావమరిది, అదే గదిలో పై మంచం వాడు, నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"గట్ల కాదు సార్" అన్నాడు అంజి. "మా దిక్కు ఏమంటరో ఎర్కేనా? 'దుబాయ్ పోయి పిచ్చోడై అచ్చిండు' అంటరు. గా మాట ఒక్కసారి పడ్డదంటే సచ్చేదాక పోదు. ఆని పోరగాండ్లకు గూడ అంటుకుంటది."

అప్పుడు పుట్టింది నిత్యానందం బుర్రలో ఈ పిట్టల వైద్యం. చిన్నప్పుడు ఆయనకు ఇంట్లో దెబ్బలు తగిలినప్పుడల్లా ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దాకా పరిగెత్తి ఇసకలో కూర్చునేవాడు. అక్కడ పిట్టలు గోలగోలగా అరుస్తుంటే కాసేపటికి తనూ వాటిని తిట్టడం మొదలుపెట్టేవాడు. తిట్టేసరికి ఏడుపు పోయేది. అంత గోల మధ్య కూర్చున్న మనిషికి తనూ ఒక మాట అనాలనిపిస్తుందని ఆయన సిద్ధాంతం. ఏ డాక్టరూ ఒప్పుకోడు. అయినా డాక్టర్ల వంతు అయిపోయింది గదా అనుకున్నాడు.

రఫీక్‌ది బోధన్. మెసయీద్ దగ్గర్లో సముద్రంలో ఉన్న ఒక చిన్న దీవిని కాపాడే ఆఫీసుకి పడవ నడుపుతాడు. ఎండాకాలం పిట్టలు అక్కడ గుడ్లు పెడతాయి, మనుషుల్ని దిగనివ్వరు. ఈదురుగాలికి దీవి మీద హెచ్చరిక బోర్డులు పడిపోయాయని, నిలబెట్టడానికి మనుషులు కావాలని రఫీక్ టీ కొట్టు దగ్గర అన్నాడు. నిత్యానందం ఆ మాట నేల మీద పడనివ్వలేదు.

"తీస్కపోత గని ఒక్క షరతు, నిత్యానందం భాయ్" అన్నాడు రఫీక్. "దిబ్బ దాటొద్దు. గొంతు లేపొద్దు. పిట్ట బెదిరి లేసిందంటే గుడ్డు ఎండల ఉడుకుతది. నా నౌకరి గూడ ఉడుకుతది."

"బలేవాడివే" అన్నాడు నిత్యానందం. "నాది పూచీ. మావాళ్ళలో ఒకడికి అసలు మాటే లేదు, ఇంక గొంతెత్తేదెవడు?"

శుక్రవారం ఎండ ముదరకముందే అంజితో కలిపి నలుగురితో పడవ కదిలింది. వెనక రిఫైనరీ గొట్టాలూ, ఎరువుల ఫ్యాక్టరీ పొగా చిన్నవవుతూ వచ్చాయి. నీళ్ళు లేత పచ్చగా, అడుగున గడ్డి కనిపించేంత తేటగా ఉన్నాయి. జలంధర్ బోర్డుల పక్కన కూర్చుని తన చేతుల వంక చూసుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళుగా సముద్రం పక్కనే బతుకుతూ ఇంత సముద్రాన్ని చూడనేలేదేమిటని నిత్యానందానికి సిగ్గేసింది.

రఫీక్ ఉన్నట్టుండి ఇంజిన్ తగ్గించి వేలు చూపించాడు. నీళ్ళలోంచి బూడిద రంగు ముట్టె ఒకటి పైకి లేచింది. రెండు ముక్కుపుటాలు తెరుచుకుని బుస్సుమని గాలి వదిలాయి. కింద గేదె అంత ఒళ్ళు, ఎంతో నిదానంగా.

"సముద్రపు ఆవు. కింద గడ్డి మేస్తది" అన్నాడు రఫీక్.

"ఆవా?" అన్నాడు అంజి. "కొమ్ములేవి?"

"కొమ్ములుండవు."

"మరి పాలిస్తదా?"

"దాని దూడకిస్తది. నీకెందుకిస్తది బే?"

నిత్యానందం ఆ ముట్టెని చూడలేదు, జలంధర్ మొహాన్నే చూస్తున్నాడు. జలంధర్ తల తిప్పి చూశాడు. పెదవి కదిలినట్టే కదిలింది. ఆ జంతువు మునిగిపోగానే వాడూ మళ్ళీ తనలోకి మునిగిపోయాడు. "పోనీలే, ఇది శకునం అనుకుందాం" అని నిత్యానందం పైకి అనేశాడు. 

దీవి కనపడకముందే వినపడింది. వంద బళ్ళలో పిల్లలు ఒకేసారి ఎక్కాలు చదువుతున్నంత గోల. దగ్గరికి వెళ్తే ఇంతే కదా అనిపించే ఇసక తిప్ప, చెట్టూ చేమా లేదు, మధ్యలో మోకాలెత్తు దిబ్బ, దాని అవతల నేల కనపడకుండా పిట్టలు. తెల్లటి ఒళ్ళు, నల్లటి టోపీ, చీలిన తోక.

"మా రేవుల్లో వీటిని రామదాసు పిట్టలంటాం" అని నిత్యానందం గుసగుసగా చెప్పాడు. చెప్తుంటే ఆయనకు ఏటిమొగ గుర్తొచ్చింది.

పిట్టలకు గూళ్ళు లేవు. ఇసకలో అరచెయ్యంత గుంట, అందులో మచ్చల గుడ్డు, దాని మీద నిలబడి రెక్కలు కాస్త విప్పి నీడ పడుతున్న తల్లి. అక్కడక్కడ ఇసకరంగు నూగుతో అప్పుడే పుట్టిన పిల్లలు. ఒక పిట్ట లేచి వెళ్ళి నీళ్ళలో పొట్ట ముంచుకొచ్చి, ఆ తడి పొట్టతో గుడ్డు మీద కూర్చుంది.

"గట్ల సల్ల చేస్తయి" అన్నాడు రఫీక్. "ఇప్పుడు బోర్డులు. యల్లా, నడువుండ్రి. సప్పుడు మాఫీ, అస్సలు చెయ్యొద్దు."

పని సాగింది. జలంధర్ గుంటలు తవ్వుతున్నాడు, అంజి గుంజలు పట్టుకుంటున్నాడు. నోరు మూసుకుని పని చెయ్యడం అంజికి జీవితంలో మొదటిసారి కావడంతో వాడి మొహం ఉబ్బిపోయి ఉంది. గుంట తవ్వడం అయిపోయినప్పుడల్లా జలంధర్ నడుం ఎత్తి దిబ్బ అవతలికి చూస్తున్నాడు. మూడోసారో నాలుగోసారో అలా చూసినప్పుడు పార పక్కన పెట్టి దిబ్బ దాకా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాటలేదు.  మూడు నెలల్లో ఎవరూ చెప్పకుండా వాడు చేసిన మొదటి పని అది. వద్దనబోయిన రఫీక్‌ని నిత్యానందం చేత్తో ఆపాడు.

నిత్యానందం కూడా వెళ్ళి పక్కన కూర్చున్నాడు. సిద్ధాంతం పని చేస్తోందా లేదా అని వాడి గొంతు వంకే చూస్తున్నాడు. వాళ్ళకు ఎదురుగా, చాలా దగ్గర్లో, ఒక రామదాసు పిట్ట ఇటు మొహం పెట్టి నిలబడి ఉంది. దాని కాళ్ళ మధ్య నూగు ముద్దలా పిల్ల.

ఆ పిట్ట వెనకనుంచి, పిల్ల మీదికి, సముద్రపు కాకి ఒకటి వచ్చింది. నల్లటి మూతి, బలిసిన ఒళ్ళు, రెక్క ఆడించకుండా నేలకి రాసుకుంటూ జారి వస్తోంది. తల్లి ఇటే చూస్తోంది. దానికి తెలీదు. జలంధర్ చూశాడు. వాడి నోరు తెరుచుకుంది. మెడ నరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. మొహమంతా ఎర్రబడి, కళ్ళు నీళ్ళు కక్కుతున్నాయి. ఊపిరాడటం లేదేమోనని నిత్యానందం భయపడి భుజం పట్టుకోబోయాడు.

"హో...య్! హొయ్‌హొయ్‌హో...య్!"

నిత్యానందం తన బతుకులో అంత పెద్ద కేక వినలేదు. చెవుల్లో కాదు, పక్కటెముకల్లో వినపడింది. జొన్నచేలో మంచె మీద నిలబడి నాలుగు చేల అవతలి పిట్టల్ని లేపే కేక అది. కోరుట్ల వైపు ఊళ్ళలో పుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ రాదు. సముద్రపు కాకి బెదిరి పక్కకు ఒరిగి, పిల్లని వదిలేసి ఎటో ఎగిరిపోయింది. కానీ చేలో కేక చేసే పనే అక్కడా చేసింది. దీవి మొత్తం లేచింది. ఆకాశం తెల్లబడింది. కింద ఇసక మీద వందల గుడ్లు, పైన నిప్పులాంటి ఎండ, మధ్యలో నీడ పట్టేవాళ్ళు లేరు.

"బావ ఒర్రిండు!" అని అంజి గంతేశాడు. "సార్! మా బావ ఒర్రిండు!"

రఫీక్ పరిగెత్తుకొచ్చి వాడి నోరు మూశాడు. "పండుండ్రి! అందరు బోర్ల పండుండ్రి! దేవుకుంట నీళ్ళలకు నడువుండ్రి. మనం కనవడితే అవి దిగయి!" అన్నాడు. కోపంతో రఫీక్ గొంతు కీచుగా వస్తోంది. నలుగురూ మంటలా కాలుతున్న ఇసక మీద పొట్టలతో పాకుతూ ఒడ్డుకి పోయి, పడవ చాటున మెడ దాకా నీళ్ళలో కూర్చున్నారు. నిత్యానందానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అడిగింది దేవుడిచ్చాడు, ఇవ్వకూడని చోట ఇచ్చాడు. పూచీ ఇచ్చిన పెద్దమనిషి ఇప్పుడు రఫీక్ మొహం చూడలేక నీళ్ళ వంక చూస్తున్నాడు.

"సస్తయా?"

ఆ గొంతు గరుగ్గా, తుప్పుపట్టిన గొళ్ళెం లాగినట్టుంది. జలంధర్ రఫీక్‌నే అడుగుతున్నాడు.

రఫీక్ తిట్టబోయి, వాడి మొహం చూసి ఆగిపోయాడు. "జల్దీ దిగితే బతుకుతయి" అన్నాడు. "లేటయితే సస్తయి. అబద్ధమెందుకు చెప్పాలె?"

జలంధర్ తల దించుకున్నాడు. గడ్డం నీళ్ళకు తాకింది. "ఆనాడు ఒర్రాల్సుండె" అన్నాడు. "ఒర్రలే. ఇయ్యాల ఒర్రద్దంటిరి. ఒర్రిన."

"ఏనాడు బావా?" అన్నాడు అంజి.

"దూలం అచ్చిననాడు. తిరుమల నా దిక్కే మొకం పెట్టి నిలవడ్డడు. ఆని ఎన్కనుంచి అస్తుంటె నేను సూసిన. మీరందరు ఏమనుకున్నరు? నాకు గూడ కండ్లవడలే అనుకున్నరు. సూసిన. నోరు తెరిసిన. సప్పుడు రాలే." ఊపిరి అందక ఆగాడు. "మంచె మీద ఒర్రితే ఊరంత ఇనేది నా గొంతు. నా దోస్తుకు రాలే. ఆడు ఫోన్ చేస్తే నేనేమని ఎత్తాలె?"

 శనివారం దాకా ఏమేం బోధించాలో నిత్యానందం మనసులో చాలా కూర్చుకుని పెట్టుకున్నాడు. అందులో ఒక్క ముక్కా ఇక్కడ పనికొచ్చేది కాదు. నీళ్ళ కింద చెయ్యి చాచి జలంధర్ చెయ్యి పట్టుకున్నాడు. ఆ పిల్లాడి మీద ఆయనకు జాలి కాదు, ప్రేమ పొంగింది. ఇన్నాళ్ళూ వీణ్ణి మూగవాడనుకున్నాను, వీడు మూడు నెలలుగా లోపల ఒకే కేక మోస్తున్నాడు గదా అనుకున్నాడు.

పైన గోల తగ్గలేదు. మొదటి పిట్ట దిగినప్పుడు ఎవరూ నమ్మలేదు. అది వాళ్ళ ముక్కు ముందే నీళ్ళలో పొట్ట ముంచి లేచి, దిబ్బ దాటి వాలింది. దాని వెనక ఇంకొకటి. ఆ తరవాత పదీ ఇరవై. అన్నీ పొట్టలు తడుపుకుంటూ, ఆ తడితో గుడ్ల మీదికి తిరిగిపోతున్నాయి. రఫీక్ పడవ అంచు మీదుగా దుర్భిణి పెట్టి చాలాసేపు చూశాడు.

"కూసున్నయి" అన్నాడు చివరికి. "ఆ మూలకు నాలుగైదు గుంటలు ఉత్తగున్నయి. అవి అస్తయో రావో నేను చెప్పలేను. మిగిలినయి కూసున్నయి."

"ఆ పిల్ల?" అన్నాడు జలంధర్.

"ఏ పిల్ల?"

"నేను ఎవలి కోసం ఒర్రిన్నో గది."

రఫీక్ దుర్భిణి తీసి వాడికిచ్చాడు. జలంధర్ చూస్తూ ఉండిపోయాడు. దిబ్బకి ఎదురుగా తల్లి రెక్కలు విప్పి నిలబడి ఉంది. దాని కాళ్ళ మధ్య నూగు ముద్ద కదులుతోంది.

మిగిలిన బోర్డుల్ని ఆ రోజుకి వదిలేశారు. పడవని చప్పుడు కాకుండా దూరం దాకా తోసి, అప్పుడు ఇంజిన్ వేశారు.  ఆఫీసులో జరిగింది జరిగినట్టు చెప్తానని రఫీక్ అన్నాడు. తనూ వచ్చి తప్పు ఒప్పుకుంటానన్నాడు నిత్యానందం. అంజి మాత్రం నీళ్ళు కారుతున్న బట్టలతో జలంధర్‌ని ఆనుకుని కూర్చుని, వాడి మోకాలు తడుతూనే ఉన్నాడు.

"రేపు ఆఫీసుల పేరు చెప్తవా బావా?"

"చెప్త."

"నాకొకసారి చెప్పు."

"నీకెర్కలేదా నా పేరు?" అన్నాడు జలంధర్. అంజి ఆకాశంలోకి చూసి పెద్దగా నవ్వాడు.

రిఫైనరీ గొట్టాలు మళ్ళీ కనపడేసరికి అంజి ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. జలంధర్ చెయ్యి చాచాడు. అంజి ఏమీ అడగలేదు, తిరుమల నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి ఇచ్చాడు. ఫోన్ మోగుతోంది. ఇక్కడ వీడి నోరు మళ్ళీ మూతపడితే ఇంక తెరుచుకోదని నిత్యానందానికి తెలుసు. 

"ఏందిరా అంజి?" అంది అవతల గొంతు.

"అంజి కాదు. నేన్రా."

అవతల ఎక్కడో మేక అరిచింది.

"జలంధరా?"

"తిరుమలా, నేను సూసిన్రా ఆనాడు" అన్నాడు జలంధర్ గబగబా, ఆగితే మళ్ళీ రాదన్నట్టు. "దూలం అస్తుంటె సూసిన. ఒర్రలే. నోరు తెరిసిన గని ఒర్రలే. నీ నడుము నా వల్లనే..."

"నాకెర్కే" అన్నాడు తిరుమల.

జలంధర్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"నీ మొకం సూసిన గదరా. నోరు ఇంత తెరిసి, కండ్లు గట్ల పెట్టి నిలవడ్డవు. గా మొకం సూసే నేను పక్కకు జరిగిన. జరిగిన గనుక నడుముకు తాకింది. జరగకుంటే తలకాయకే తాకుతుండె, ఇయ్యాల నువ్వు నా ఫోటోకు దండేసేటోనివి." తిరుమల గొంతు కోపంగా ఉంది, కానీ ఆ కోపం అడుగున ఏడుపుంది. "గీ ముచ్చట నీకే చెప్దామని గన్నిసార్లు ఫోన్ చేసిన. ఎత్తవైతివి. మంచంల పండి నేనేమనుకోవాలె? నా దోస్తు నన్ను మరిసిండనుకున్న."

గాలికీ ఇంజిన్ మోతకీ చివరి మాటలు సరిగా వినపడలేదు. రఫీక్ వెనక్కి తిరిగి ఒకసారి జలంధర్ వంక చూసి ఇంజిన్ ఆపేశాడు. పడవ ఉన్నచోటే నిలబడిపోయింది. నిత్యానందం కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి ఆ ఫోన్ వంకే చూస్తున్నాడు.

జలంధర్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"మల్లొక్కసారి చెప్పురా" అన్నాడు.